సాయంత్రం వేళకు పాటలు

పాటలను ఏరి వరుసగా కూర్చి ఉంచుకోవడాన్ని ఈ కాలపు పిల్లలు ప్లేలిస్టు అంటారు. మా తరానికి ఈ పని కొత్తదేమీ కాదు. 1980 ప్రాంతాలలో నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న దినాలలో, పట్టణానికి వెళ్ళినప్పుడల్లా ఖాళీ క్యాసెట్టు ఒకటి కొని, కావలసిన పాటల పేర్లు కాగితం మీద వ్రాసి రికార్డింగు దుకాణంలో ఇచ్చి వచ్చేవాడిని. వారం తరువాత వెళ్తే క్యాసెట్టు నిండి ఉండేది. 60 నిమిషాల క్యాసెట్టులో ఒక్కొక్క వైపు 30 నిమిషాలు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు రికార్డు ఒక వైపున మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు గనుక ఆనాటి పాటలు చాలావరకు ఆ కొలతకు లోబడే ఉండేవి. ఆ లెక్కన ఒక వైపుకు ఎనిమిదో తొమ్మిదో పాటలు. ఏ పాట చేర్చాలన్న దానికంటె ఏ పాట తీసివేయాలన్నదే కష్టంగా ఉండేది.

ఉద్యోగ విరమణ చేసి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పుడు క్యాసెట్లు లేవు, ఆ దుకాణమూ లేదు. జేబులోని ఫోనులో లక్షల పాటలున్నాయి. వాటిలో వేటిని, ఎవరి కోసం, ఏ వేళకు ఎన్నుకోవాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఇటీవలి సంవత్సరాలలో నేను కూర్చిన జాబితాలలో రెండు నా కోసం, ఒకటి మా అక్కయ్య కోసం. ఆ మూడవదాని గురించి వ్రాయడమే నా ముఖ్యోద్దేశం. మొదటి రెండింటినీ త్వరగా ముగిస్తాను.

నడక జాబితాకు పాటలను ఇష్టాన్ని బట్టి కాక, నాడిని లెక్కించినట్లు లెక్కించి ఎన్నుకొన్నాను. చేతి గడియారం చూస్తూ 15 సెకండ్లలో పడే తాళపు దెబ్బలను లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే పాట లయ నిమిషానికి ఎంతో తెలుస్తుంది. నిమిషానికి సుమారు 100 అడుగులు వేసే నడకను మధ్యస్థాయి వ్యాయామంగా పరిగణిస్తారు. అందుచేత 100 నుంచి 110 దెబ్బలు పడే పాటలు పది ఏరి, వాటికి ముందు రెండు, వెనుక రెండు నెమ్మదిగా సాగే పాటలు చేర్చాను. శరీరం వేడెక్కడానికీ, చల్లబడడానికీ వ్యవధి కావాలి కదా. బీటా బ్లాకర్లు తీసుకొనేవారికి నడిచినా నాడి వేగం అంతగా పెరగదు. అట్టివారు నాడిని కాక అడుగులను లెక్కించుకోవడం మేలు. (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కేటప్పుడు కూడా నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు ఉండాలి. బీ జీస్ బృందం 1977లో విడుదల చేసిన ఒక పాట లయ ఆ హద్దులలో ఉండడం వలన పాశ్చాత్య దేశాల శిక్షణ తరగతులలో దానిని వాడుతారు. మన సినిమాలలో ఆ లయ గల పాటలు కొల్లలుగా ఉన్నాయి. యువ వైద్యులెవరైనా ఒకటి ఏరి ప్రచారంలోకి తెస్తే బాగుండును.) రోడ్డు మీద నడిచేవారు మాత్రం రెండు చెవులలోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోరాదు. వెనుక వచ్చే లారీ చప్పుడు ప్రాణరక్షణకు ఏ పాటకంటెనూ ముఖ్యం.

నిద్ర జాబితాలో మాటలున్న పాట ఒక్కటీ లేదు. మాట వినిపిస్తే నా మనస్సు అర్థం వెంట పరుగెడుతుంది. అందువలన అందులో ఉన్నది చాలావరకు వీణ, ముఖ్యంగా చిట్టిబాబు గారి వీణ. ఆయన కాకినాడలో పుట్టినవారు గనుక మా జిల్లావాడన్న అభిమానం కూడా నాకు లేకపోలేదు. నీలాంబరి రాగానికి నిద్రతో సంబంధాన్ని మన సంప్రదాయమే కల్పించింది. నాకది చాలు. కాని ఫలానా రాగం మధుమేహాన్ని తగ్గిస్తుందనీ, ఫలానా రాగం రక్తపోటును మాన్పుతుందనీ జరుగుతున్న ప్రచారాన్ని మాత్రం నేను అంగీకరించను. హాయిగా పాట వింటున్న సమయంలో రక్తపోటు కొద్దిగా తగ్గవచ్చు. పాట ఆగాక, బంధువుల ఫోను వచ్చాక అది మళ్ళీ పెరుగుతుంది. రక్తపోటు మాత్ర వేసుకొని వినండి.

ఇక మా అక్కయ్య విషయం. ఆమె 1942లో పుట్టింది. నాకంటె తొమ్మిదేళ్ళు పెద్ద. చిన్నతనంలో నన్ను చంకనేసుకొని తిప్పిన మనిషి. ఆరేళ్ళ క్రితం ఆమెకు ఆల్జైమర్స్ వ్యాధి అని నిర్ధారణ అయింది. కాకినాడలో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. రెండేళ్ళ క్రితం ఒకనాడు మేనల్లుడు ఫోను చేసి, “మావయ్యా, సాయంత్రం అయిదు దాటితే అమ్మ మా చేతిలో ఉండడం లేదు. నిద్రకు కాదు, సాయంత్రానికే ఏదైనా మందు రాసిపెట్టు” అన్నాడు. పొద్దు వాలే వేళకు ఆమె ఒక చీర, గిన్నె ఒకటి మూటకట్టుకొని, “దీపాలు పెట్టే వేళయింది, మా ఇంటికి పోవాలి” అంటూ గేటు దగ్గరకు వెళ్ళి నిలబడేది. ఆపితే ఏడ్చేది, ఒక్కొక్కప్పుడు కోడలి చేయి గిల్లేది. ఆమె వెళ్ళాలన్న ఇల్లు కోనసీమలోని మా పుట్టినిల్లు. అది పడగొట్టి ముప్పై ఏళ్ళయింది.

మతిమరుపు వ్యాధి గలవారిలో సాయంత్రం పూట ఆందోళన, తికమక పెరగడం తరచు చూసేదే. అయితే దానిని వ్యాధికి ఆపాదించే ముందు వేరే కారణాలు వెదకాలి. మూత్రకోశంలో సూక్ష్మాంగజీవుల దాడి, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి, నీరు చాలకపోవడం, రక్తంలో సోడియం తగ్గడం, క్రొత్తగా మొదలుపెట్టిన మందులు, వీటిలో ఏదైనా పెద్దవారిలో తికమకను ఒక్కసారిగా పెంచగలదు. వాళ్ళు నొప్పి అని చెప్పలేరు, ఇంటికి పోతామంటారు. నేను వెళ్ళి చూశాను, పరీక్షలు చేయించాను. రక్తం, మూత్రం సరిగా ఉన్నాయి. కుడిచెవిలో మాత్రం గులిమి గట్టిపడి కర్ణనాళాన్ని పూర్తిగా మూసివేసింది. చెవి వైద్యుడు దానిని తొలగించాక ఆమెకు మాట సగం మెరుగ్గా వినిపించింది. వినికిడి లోపం ఉన్నవారికి పాటల జాబితా కూర్చడానికి ముందు చెవులలోనికి ఒకసారి చూడడం అవసరమని వేరే చెప్పనక్కరలేదు.

మందు మాత్రం వ్రాయలేదు. ఈ పరిస్థితిలో సాధారణంగా అడిగేవి మనోవైకల్యానికి వాడే మందులు. మతిమరుపు వ్యాధి గల వృద్ధులలో అవి మరణాల అవకాశాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్రమైన హెచ్చరిక జారీచేసింది. పడిపోవడం, మగత వంటి ఇబ్బందులు సరేసరి. తప్పనిసరి అయినప్పుడు నిపుణులు కొద్ది మోతాదులో, కొద్దికాలం వాడవలసి రావచ్చు. అక్కయ్య విషయంలో అంతవరకు పోకుండా మరొకటి ప్రయత్నించడానికి అవకాశం ఉన్నదని నాకు తోచింది.

ఆల్జైమర్స్ వ్యాధిలో ముందుగా దెబ్బతినేవి మెదడులో క్రొత్త జ్ఞాపకాలను ఏర్పరచే భాగాలు, అందులో హిప్పోకాంపస్ ముఖ్యమైనది. అందుకే ఉదయం తిన్న ఉప్మా గుర్తుండదు, అరవై ఏళ్ళ నాటి పెళ్ళి గుర్తుంటుంది. బాగా పరిచయమైన పాటల జ్ఞాపకంతో సంబంధమున్న భాగాలు ఈ వ్యాధిలో తక్కిన భాగాలకంటె ఆలస్యంగా క్షీణిస్తాయని 2015లో జర్మనీలోని లైప్జిగ్ పరిశోధకులు చూపారు. పైగా ఎవరికైనా సుమారు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య వయస్సులో జరిగినవి, విన్నవి వార్ధక్యంలో ఎక్కువగా జ్ఞాపకానికి వస్తాయి. ఈ రెండూ కలిపి చూస్తే అక్కయ్యకు కావలసిన పాటలు 1952కూ 1972కూ మధ్య ఎక్కడో ఉండాలి. కాని సంవత్సరాలు తెలిసినంత మాత్రాన పాటలు తెలియవు. ఆ ఏళ్ళలో వచ్చిన పాటలన్నీ ఆమె వినలేదు. విన్నవన్నీ ఆమెవి కావు.

అందుచేత రోగచరిత్ర సేకరించినట్లే పాటల చరిత్ర సేకరించాను. కాగితానికి ఎడమవైపున సంవత్సరాలు, కుడివైపున ఆ సంవత్సరంలో అక్కయ్య ఎక్కడ ఉన్నది, పాట ఆమె చెవిన పడే మార్గమేమిటి అన్నవి. మా ఇంటిలో రేడియో లేదు. పంచాయతీ కార్యాలయం గోడకు లౌడుస్పీకరు ఉండేది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో ప్రారంభమయింది. మా ఊరివారికి అది సాయంకాలం ఆ గోడ మీదనుంచే వినిపించేది. నీళ్ళబిందెతో ఆ వీధిన వెళ్ళే ఆడపిల్లలు అక్కడ నడక మందగించడం నాకు గుర్తున్నది. టూరింగు టాకీసు డేరాలో విడుదలై నాలుగైదేళ్ళు గడిచిన చిత్రాలు ఆడేవి. మల్లీశ్వరి 1951లో వచ్చినా అక్కయ్య దానిని చూసింది ఆ డేరాలోనే, పన్నెండు పదమూడేళ్ళ వయస్సులో. 1961లో పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళింది. వారింటిలో రేడియో ఉంది. సిలోను నుంచి మీనాక్షి పొన్నుదురై గారి గొంతు, ఆ వెంట తెలుగు పాటలు అక్కడ ప్రతిరోజూ వినబడేవి. 1963లో లవకుశ వచ్చినప్పుడు అత్తవారి కుటుంబమంతా ఎడ్లబండ్లు కట్టుకొని వెళ్ళి చూసి వచ్చారు. ఆ ప్రయాణం గురించి అక్కయ్య నలభై ఏళ్ళపాటు చెబుతూనే ఉండేది, బండి ఇరుసు విరిగి మధ్యదారిలో అందరూ దిగిన సంగతితో సహా.

ఇవన్నీ వ్రాశాక కూడా ఒక పెద్ద ఖాళీ మిగిలింది. రేడియోకూ సినిమాకూ ముందు అక్కయ్య స్వయంగా పాడిన పాటలున్నాయి. ధనుర్మాసంలో సందెవేళ గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడినవి, అట్లతద్దికి ఉయ్యాల మీద పాడినవి, పేరంటాలలో పాడిన మంగళహారతులు. వీటిలో మా ఊరి వరుసలో ఉన్నది ఏ ఫోనులోనూ దొరకలేదు. దొరికినవాటిలో వెనుక డప్పులు, కృత్రిమ వాద్యాలు చేర్చి పాట ముఖం మార్చివేశారు. చివరకు అమలాపురంలో ఉన్న మా పినతండ్రి కూతురి దగ్గరకు వెళ్ళాను. ఆమెకు 79 ఏళ్ళు. అక్కయ్య వెంట గొబ్బి ఆడినది ఆమే. నాలుగు పాటలు ఫోనులో పాడించి తెచ్చాను. గొంతు వణికింది, ఒకచోట దగ్గు వచ్చింది, వెనుక కుక్కరు ఈల వేసింది. వాటిని తీసివేయవచ్చునని మా మనవడు అన్నాడు. అలాగే ఉంచమన్నాను.

జాబితాలో చివరకు పదమూడు పాటలు నిలిచాయి. సాయంకాలం అయిదుంబావుకు మొదలై ఆరు లోపల అయిపోతాయి. అంటే ఆందోళన మొదలయిన తరువాత కాదు, దానికి ఒక పావుగంట ముందే మొదలుకావాలి. వరుసలో మొదటివి సందెగొబ్బి పాటలు. తరువాత మల్లీశ్వరి, మాయాబజారు, లవకుశ. భక్తిరంజనిలో వచ్చే పాటలు ఆమెకెంతో ఇష్టమైనా ఈ జాబితాలో చేర్చలేదు. అవి తెల్లవారు జామున విన్నవి. పొద్దు వాలుతున్నప్పుడు అవి వినిపిస్తే పొయ్యి వెలిగించడానికి లేచే ప్రమాదం ఉంది. వాటిని స్నానం వేళకు ప్రత్యేకించాం. వయస్సు మీరినవారికి హెచ్చు పౌనఃపున్యపు శబ్దాలు ముందుగా వినబడకుండా పోతాయి. స, శ, త వంటి హల్లులు చెదరి మాట మసకబారుతుంది. వాద్యాల హోరులో ఆ మాట పూర్తిగా మునిగిపోతుంది. పాత పాటలలో గొంతు ముందు, వాద్యం వెనుక ఉండడం ఇక్కడ కలిసివచ్చింది. ధ్వనిని పెంచడం దీనికి పరిష్కారం కాదు. పెద్దవారికి 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ గంటలు సగమవుతాయి. ఇయర్‌ఫోన్లు పెడితే అక్కయ్య పీకివేసింది, అది సహజమే. ఒక చిన్న స్పీకరును ఆమె కుర్చీకి మూడడుగుల దూరంలో పెట్టి, టెలివిజను, మిక్సీ ఆ సమయంలో ఆపించాం.

మొదటి రోజు నేను అక్కడే ఉన్నాను. గొబ్బి పాటలు సాగుతుండగా అక్కయ్య మూట విప్పి చీర మళ్ళీ మడత పెట్టింది. అంతకుమించి ఏమీ జరగలేదు. లవకుశలో లీల, సుశీల గొంతులు కలిసి వినిపించగానే పెదవులు కదిలాయి. రెండవ చరణం ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడింది. పాట అయ్యాక నా వైపు తిరిగి, “మీరు ఎవరి తాలూకండీ?” అని అడిగింది. “మీ తమ్ముణ్ణి” అన్నాను. “మా తమ్ముడు చిన్నవాడండీ, బడికి వెళ్ళాడు” అంది.

ఈ వ్యాధిని సంగీతం ఆపదు, వెనుకకు మళ్ళించదు. దీనిమీద జరిగిన పరిశోధనల ఫలితాలు కూడా అన్నీ ఒక్క తీరుగా లేవు. మా కోడలు కాలెండరులో గుర్తులు పెట్టి లెక్క చూసింది. పది సాయంత్రాలలో ఆరేడు గేటు వరకు వెళ్ళకుండా గడుస్తున్నాయి. మిగిలిన మూడు నాలుగు రోజులు మునుపటి లాగే కష్టంగా ఉంటాయి. ఆ రోజులలో పాటలు ఆపి, ఆమె చేయి పట్టుకొని పెరట్లో రెండుసార్లు తిప్పి తీసుకురావడమే మార్గం. “ఇదే నీ ఇల్లు” అని వాదించడం వలన ఏమీ ఒరగదు. “వెళ్దాం అత్తయ్యగారూ, కాఫీ తాగి వెళ్దాం” అనడం మా కోడలు తనంతట తాను కనిపెట్టిన చికిత్స. నా జాబితాకంటె అది ఎక్కువసార్లు పనిచేసి ఉంటుంది.

ఒక సంగతి మాత్రం ఈ పని చేయబోయేవారు తెలుసుకోవాలి. జాబితా పట్టుకెళ్ళి ఇచ్చినప్పుడే కాగితం పైన ‘జోలపాటలు వద్దు’ అని వ్రాసి క్రింద గీత గీసి ఇచ్చాను. 1964లో అక్కయ్యకు తొలికాన్పులో ఆడపిల్ల పుట్టి నలభై రోజులకు పోయింది. మేనల్లుడు ఆ తరువాత మూడేళ్ళకు పుట్టాడు. ఆ ఇంటిలో ఆ పాప మాట ఎవరూ ఎత్తేవారు కాదు. నాకు అప్పుడు పదమూడేళ్ళు. ఒకనాడు జాబితా పూర్తయిన తరువాత ఫోను ఆపడానికి ఎవరూ దగ్గర లేరు. ఫోనులోని ఆ పాటల యాప్, అడగకుండానే, వినేవారికి నచ్చవచ్చునని తానే ఎంచి తరువాతి పాటను మొదలుపెట్టింది. అది ఒక పాత చిత్రంలోని జోలపాట. అక్కయ్య లేచి మంచం క్రింద, తలుపు వెనుక, బట్టల బుట్టలో వెదకడం మొదలుపెట్టింది. ఏమి వెదుకుతున్నదో కోడలికి అర్థం కాలేదు. మేనల్లుడు ఆఫీసు నుంచి వచ్చేవరకు వెదుకుతూనే ఉంది. ఆ రాత్రి నేను ఫోనులో వారిద్దరికీ ఆ పాప సంగతి చెప్పాను. మరునాడే పదమూడు పాటలనూ ఒక మెమరీ కార్డులోకి ఎక్కించి స్పీకరులో పెట్టించాను. ఇప్పుడు పదమూడవ పాట అయిపోగానే నిశ్శబ్దమే. మీ ఇంట ఫోనుతోనే వినిపించేటట్లయితే, తనంతట తాను తరువాతి పాటకు వెళ్ళే ఏర్పాటును ముందుగా ఆపివేయండి.

అప్పటి నుంచి నాకొక ఆలోచన. అక్కయ్య కాగితాన్ని నింపగలిగింది తమ్ముడిని నేను బ్రతికి ఉండడం వలన. నా కాగితాన్ని నింపడానికి అక్కయ్యకు జ్ఞాపకం లేదు. అందుచేత మతి సరిగా ఉండగానే నా పాటలు నేనే వ్రాసి పెట్టుకొన్నాను. ఏ పాట, ఏ వేళకు, ఎక్కడ విన్నది, పక్కనే ‘వద్దు’ అన్నవి కూడా. నా శ్రీమతి కూడా వ్రాసింది. ఆమె జాబితాలో పందొమ్మిది పాటలుంటే ఏడు హిందీవి. బుధవారం రాత్రి సిలోనులో అమీన్ సయానీ గారి బినాకా గీత్ మాలా వినడానికి పక్కింటికి వెళ్ళేదట. పెళ్ళయి 49 ఏళ్ళయినా ఆమె నోట హిందీ పాట నేను వినలేదు. మా ఇంటిలో నా ఘంటసాలే మ్రోగుతూ ఉండేవాడు.

ఆ రెండు కాగితాలూ మా రక్తపరీక్షల ఫైలులో, మందుల పట్టికల వెనుక ఉంచాము. నకలు తీసి పిల్లలకు పంపాము. మా అబ్బాయి డల్లాసు నుంచి ఫోను చేసి, అన్నీ చదివాననీ, నా కాగితంలో ‘వద్దు’ అని వ్రాసిన మూడు పాటలూ తనకు చాలా మంచి పాటలుగానే తోచాయనీ, కారణమేమిటనీ అడిగాడు. రెండింటికి చెప్పాను.